మూలపడిన చిన్న కారు మళ్లీ రోడ్డెక్కాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయానికి సంబంధించినవి. అందుచేత తక్కిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, మన విశాఖలో ఏళ్ల తరబడి ఇంటి ముందు కదలకుండా నిలిచిపోయిన పాత చిన్న కార్ల గురించే ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు 1998లో కొన్న మారుతి 800, పాత ఏపీ 31 సిరీస్ నెంబరుది, మా ఇంటి ముందు నాలుగేళ్లుగా టార్పాలిన్ కింద ఉంది. నాన్నగారికి ఆ బండి అంటే ప్రాణం. తెలిసిన మెకానిక్ ఒకరు చూసి, ఇంజిను బాగానే ఉందనీ, కొత్త బ్యాటరీ వేసి ముందు స్టార్ట్ చేస్తే తక్కిన పనులు తీరిగ్గా చేసుకోవచ్చనీ అంటున్నారు. పని ఎక్కడ మొదలుపెట్టాలి? అసలు ఇది ఖర్చు పెట్టదగిన బండేనా?
(ఒక పాఠకుడు, లాసన్స్ బే కాలనీ)

జవాబు: ఇంజిను గురించి మీ మెకానిక్ చెప్పినది నిజమే కావచ్చు గాని, మీ రెండో ప్రశ్నకు అది జవాబు కాదు. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా, అదే 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజినుతో ఓమ్ని వ్యాను 2019 దాకా వస్తూనే ఉంది కాబట్టి, ఆ ఇంజినుకు సామాను దొరకడమూ కష్టం కాదు, దాన్ని విప్పి బిగించడం చేతనైన మేస్త్రీ దొరకడమూ కష్టం కాదు. పాడైన ఇంజినును బాగుచేయించవచ్చు, మరీ పాడైతే మార్చేయవచ్చు. సముద్రం పక్కన నాలుగేళ్లు నిలిచిన బండికి అడుగు రేకు తినేస్తే మాత్రం ఆ వెసులుబాటు లేదు. అందుచేత బ్యాటరీ కొనడానికి ముందే, ఒక్క రూపాయి ఖర్చు కాకముందే, రేకును పరీక్షించండి. మన ఊళ్లో పాత కారు భవితవ్యం తేలేది అక్కడే.

సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు రేకు మడతల్లో చేరి గాలిలోని తేమను లాక్కుంటుంది. వానాకాలంలో మూత తీసి ఉంచిన ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్లే, చినుకు పడని రోజున కూడా ఆ మడతలు తడిగా ఉండి, తుప్పు లోపలి నుంచి పైకి వస్తుంది. టార్పాలిన్ పైనుంచి పడే వానను ఆపుతుంది గాని, నేల నుంచి లేచే ఆవిరిని లోపలే పట్టి ఉంచుతుంది. గాలి ఆడకుండా కప్పిన బండి కంటే, నీడలో ఏమీ కప్పకుండా నిలిపి అప్పుడప్పుడు మంచినీటితో కడిగిన బండే ఎక్కువ కాలం మన్నుతుంది. ఆ టార్పాలిన్‌ను ఈరోజే తీసేయండి.

సీట్లు ఊడదీసి, కింద పరిచిన మ్యాట్లనూ వాటి అడుగున ఉండే మెత్తటి పొరనూ పూర్తిగా ఎత్తండి. ఆ పొరను పిండితే నీళ్లు కారాయంటే, పైన పెయింటు ఎంత మెరుస్తున్నా కింద పరిస్థితి బాగా లేదనే అర్థం. డ్రైవరు కాళ్ల దగ్గర, వెనుక సీటు కింద, తలుపుల అడుగున పొడవునా సాగే, మెకానిక్‌లు రన్నింగ్ బోర్డు అని పిలిచే భాగంలో, ముఖ్యంగా జాకీ ఆనించే చోట, సన్నని స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా నొక్కుతూ, దాని పిడితో తడుతూ వెళ్లండి. మంచి రేకు ఖంగుమంటుంది. లోపల తిన్న రేకు చప్పుడు బొంగురుగా ఉంటుంది, మొన దిగబడిపోతుంది. తలుపుల అడుగు అంచున వాననీరు కారిపోవడానికి వదిలిన చిన్న రంధ్రాలు మట్టితోనూ చితికిన ఆకులతోనూ పూడిపోయి ఉంటాయి. వాటిని తీగ ముక్కతో పొడిస్తే ఇటుక రంగు నీరు కారిందంటే తలుపు లోపల కొంతకాలంగా నీళ్లు నిలిచి ఉన్నాయన్నమాట. తరువాత బానెట్ ఎత్తి, బ్యాటరీ ట్రే కిందా, ముందు షాక్ అబ్జార్బర్ల పై కొసలు బిగించి ఉండే గుండ్రటి గూళ్ల చుట్టూ చూడండి. ఎక్కడైనా పైపూత అనుమానంగా నున్నగా కనిపిస్తే, చిన్న అయస్కాంతాన్ని పలుచటి గుడ్డలో చుట్టి దాని మీద జరపండి. కింద మందంగా పుట్టీ ఉన్న చోట పట్టు సడలుతుంది.

పైపైన ఎర్రబారిన తుప్పును మీరే ఇంటి దగ్గర బాగుచేసుకోవచ్చు. మెరిసే లోహం కనిపించే దాకా తీగ బ్రష్షుతో గీకి, పగుళ్లలో మిగిలిన దానికి ఫాస్ఫారిక్ ఆమ్లంతో తయారైన రస్ట్ కన్వర్టర్ పట్టించి, అది ఆరాక జింక్ ప్రైమరు, దాని మీద పెయింటు వేసి, అడుగు భాగానికి చివరగా అండర్‌బాడీ కోటింగ్ వేయాలి. తుప్పు మీదనే ఆ నల్లటి కోటింగ్ కొట్టించేవారు చాలామంది ఉన్నారు. అది తుప్పును ఆపదు, కనిపించకుండా మాత్రం చేస్తుంది. చిల్లులు పడి ఉంటే గాజువాక ఆటోనగర్‌లో గాని, మీకు నమ్మకమున్న మరో చోట గాని టింకరింగ్ షెడ్డుకు తీసుకుపోవలసిందే. తినేసిన భాగాన్ని గట్టి రేకు వచ్చే దాకా కోసి, అంతే మందం గల రేకును వెల్డింగ్ చేయమనండి. రివిట్లు కొట్టి పైన పుట్టీ పూస్తామంటే ఒప్పుకోకండి. వెల్డింగుకు ముందు పెట్రోలు ట్యాంకు దించాలి, బ్యాటరీ విప్పాలి; ఈ పనిని ఇంటి ముందు చేయించడం ఏ విధంగానూ మంచిది కాదు.

షాక్ అబ్జార్బర్ గూళ్లు, రెండు వైపులా రన్నింగ్ బోర్డులు దిగబడిపోతుంటే, ఆ బండి మీద డబ్బు పెట్టవద్దనే నా సలహా. రేపు చిన్న గుద్దుడుకు కూడా లోపల కూర్చున్నవారిని కాచే బలం దానిలో మిగలదు. ఎయిర్‌బ్యాగులు ఎలాగూ లేని కారులో ఆ రేకే మనకు ఉన్న రక్షణ. గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి అప్పగిస్తే వారు ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ మీద, కొత్త బండి రిజిస్ట్రేషన్ ఫీజులో మినహాయింపుకూ, రోడ్డు పన్నులో 25 శాతం దాకా రాయితీకీ కేంద్ర నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి. ఈ మాట నాన్నగారికి చెప్పడం మీకు కష్టమే. స్క్రూడ్రైవరు పరీక్ష చేసేటప్పుడు ఆయననూ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకోండి. చాలాసార్లు పెద్దవారు మనకంటే ముందే తేల్చి చెప్పేస్తారు.

ప్రశ్న: మా బాబాయిగారి దగ్గర తీసుకున్న 1996 మోడల్ జెన్ రెండేళ్లకు పైగా కదలలేదు. స్నేహితుడి బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే స్టార్టయి, నిమిషంలోపే ఆగిపోయింది. బానెట్ దగ్గర పెట్రోలు వాసన గుప్పుమంటోంది. మళ్లీ ప్రయత్నించవచ్చా?
(ఒక పాఠకుడు, పెందుర్తి)

జవాబు: వద్దు. ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి పక్కన పెట్టండి. మీరు చెప్పిన గుర్తులకు కారణం రెండింటిలో ఒకటై ఉండవచ్చు: ట్యాంకు నుంచి కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజినుకు అందించే భాగం) దాకా వచ్చే రబ్బరు పైపుల్లో ఎక్కడో పగులు, లేదా కార్బురేటర్‌లోని ఫ్లోటు సూది బంకకు అతుక్కుని పెట్రోలును ఆపలేక పొంగించడం. వేడెక్కిన ఇంజిను మీద అది కారితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

నిలవ పెట్రోలులో తేలికగా మండే భాగం ఆవిరైపోయి, మిగిలినది కార్బురేటర్‌లో జెట్లు అనే సన్నని రంధ్రాల్లో జిగురులా పేరుకుంటుంది. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. మోతాదు మించితే ఆ నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. 1996లో వేసిన రబ్బరు పైపులూ గ్యాస్కెట్లూ ఈ ఇంధనం కోసం తయారైనవి కావు. అందుచేత పాతది ఒక్క ముక్క కూడా వదలకుండా, ఇథనాల్‌కు తట్టుకునే రకం పైపులనూ కొత్త క్లిప్పులనూ వేయండి. కార్బురేటర్ జెట్లను తీగతో పొడవకండి. రంధ్రం రవ్వంత పెద్దదైనా మైలేజీ పడిపోతుంది, పొగ పెరుగుతుంది. క్లీనర్ స్ప్రేతోనూ గాలితోనూ మాత్రమే శుభ్రం చేయాలి.

ట్యాంకులోని పాత పెట్రోలును ఆరుబయట, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు, మూత ఉన్న లోహపు క్యానులోకి దించండి. పైపు పెట్టి నోటితో పీల్చే అలవాటు ఎంత పాతదైనా ప్రాణాంతకమే. పక్కన పొడి రకం అగ్నిమాపక సిలిండరు ఉండాలి, బల్బు వేలాడదీసిన వైరు ఉండకూడదు. దించిన పెట్రోలును గెడ్డలో పారబోయకండి. మన ఊరి గెడ్డలు చాలావరకు పోయి చేరేది సముద్రంలోనే. వాడేసిన ఆయిల్‌ను సేకరించి పంపే షెడ్డును అడిగి అక్కడ అప్పగించండి.

ఇక మళ్లీ స్టార్ట్ చేయడానికి ముందు, నాలుగు ప్లగ్గులూ విప్పి ఒక్కో సిలిండరులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. మరునాడు గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానరు తగిలించి చేత్తో తిప్పండి. రెండు పూర్తి చుట్లు ఎక్కడా తగలకుండా తిరిగితేనే సెల్ఫ్ జోలికి వెళ్లాలి. పట్టేసిన చోట బలవంతం చేస్తే పిస్టన్ రింగులు విరుగుతాయి. టైమింగ్ బెల్టు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్కతో పని లేదు. రబ్బరు వయసుతోనే బీటలు వారుతుంది కాబట్టి దాన్ని మార్చేయండి. ఇంజిన్ ఆయిల్, ఫిల్టరు, కూలెంటు కూడా అంతే. మరొక్క విషయం: డ్యాష్‌బోర్డు కిందా, బానెట్ లోపలా ఎలుకలు కొరికిన వైర్లు ఉన్నాయేమో టార్చిలైటు వేసి వెతికిన తరువాతే బ్యాటరీ తగిలించండి. నిండా ఛార్జి అయిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులూ, ఇంజిను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టుల దాకానూ చూపాలి. ఇంజిను నడుస్తున్నా అంకె పెరగకపోతే లోపం బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ వైపు ఉన్నట్టు.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ విద్యార్థిని. అన్నయ్యా నేనూ కలిసి 2001 శాంత్రోను బాగుచేసుకుంటున్నాం. వెనుక ఎడమ చక్రం బిగుసుకుపోయింది. బ్రేకు పెడల్ దాదాపు నేలకు తాకుతోంది. వీడియోలు చూసి బ్రేకుల పని మేమే చేసుకోవచ్చా?
(ఒక విద్యార్థి, మధురవాడ)

జవాబు: విప్పడం, చూడడం, శుభ్రం చేయడం, భాగాలు మార్చడం మీరు చేయవచ్చు. బండి రోడ్డెక్కే ముందు మాత్రం, బ్రేకుల పని రోజూ చేసే మెకానిక్ ఒకరు చక్రాలు విప్పించి చూసి సరే అనాలి. ఇంజిను మొరాయిస్తే బండి ఆగిపోతుంది, బ్రేకు మొరాయిస్తే ఆగదు. అందుకే నన్నడిగితే ఇంజిను స్టార్ట్ చేసే సరదా కంటే ముందు ఈ పనే పూర్తి కావాలి.

ముందు జాగ్రత్త మీ ప్రాణాలకు. జాకీ ఉన్నది బండిని ఎత్తడానికి మాత్రమే. ఎత్తిన తరువాత గట్టి నేల మీద, గట్టి రేకు కింద ఇనుప స్టాండ్లు పెట్టి, నేల మీద ఉన్న చక్రాలకు దిమ్మెలు అడ్డం వేయాలి. ఇటుకలు పేర్చడం మన వీధుల్లో రోజూ కనిపించే దృశ్యమే గాని, బరువు పడితే ఇటుక ముందుగా చెప్పి పగలదు.

హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచి బండిని నెలల తరబడి వదిలేస్తే బ్రేకు షూలు (ఒరుసుకుని చక్రాన్ని ఆపే భాగాలు) చక్రంతో తిరిగే డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుంటాయి. మీ చక్రానికి జరిగినది చాలావరకు అదే. హ్యాండ్ బ్రేక్ కేబులును వదులు చేసి, అడ్జస్టరును వెనక్కి తిప్పి, డ్రమ్ము అంచు చుట్టూ రబ్బరు సుత్తితో ఓపిగ్గా తట్టండి. గ్యాసుమంటతో కాల్చవద్దు. డ్రమ్ము ఊడిన తరువాత లోపలి పొడిని గాలి కొట్టి ఎగరగొట్టకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. మాస్కు కట్టుకుని, తడిపి, తడి గుడ్డతోనే తుడవండి. ఇప్పుడు షూలను నెట్టే వీల్ సిలిండరు రెండు కొసల్లోని రబ్బరు టోపీ అంచును గోటితో కొంచెం ఎత్తి చూడండి. లోపల పొడిగా ఉంటే మంచిదే. తడి కనిపిస్తే సిలిండరు కారుతున్నట్టే, పెడల్ నేలకు తాకడానికి అదొక కారణం. ముందు చక్రాల దగ్గర రబ్బరు హోస్ పైపులను వంచి చూడండి. పైన వెంట్రుకలంత పగుళ్లు కనిపించినా మార్చేయాలి.

బ్రేక్ ఆయిల్ సంగతి చాలామందికి పట్టదు. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. అది గాలిలోని తేమను పీల్చుకునే గుణం గలది. తేమ చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోతుంది. కైలాసగిరి రోడ్డు దిగుతూ పదే పదే బ్రేకు తొక్కితే అంత వేడి పుట్టడం అసాధ్యమేమీ కాదు. ఆయిల్ మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు లేచి, పెడల్ ఒక్కసారిగా మెత్తబడుతుంది. కాబట్టి పాతదంతా తీసేసి, సీలు విప్పని కొత్త డబ్బాలోనిదే, బండిలో బ్రేక్ ఆయిల్ పోసే గిన్నె మూత మీద రాసిన రకమే పోయండి. పొరపాటున ఇంజిన్ ఆయిల్ గాని, మరే ఖనిజ తైలం గాని పోస్తే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి. బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయడానికి ఇద్దరు కావాలి. అన్నయ్య పెడల్ తొక్కి పట్టుకున్నాకనే మీరు చక్రం దగ్గర గాలి వదిలే నిపిల్‌ను వదులు చేయాలి, మీరు బిగించానని చెప్పాకనే ఆయన కాలు ఎత్తాలి. సాధారణంగా, పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. కొన్ని మోడళ్లకు వేరే వరుస ఉంటుంది, మీ బండి మాన్యువల్ చూడండి.

ప్రశ్న: మావారి పేరున ఉన్న 2004 ఆల్టో రిజిస్ట్రేషన్ గడువు దాటింది. వారు కాలం చేసి మూడేళ్లయింది. మా అబ్బాయి బండిని బాగుచేయించాడు. 15 ఏళ్లు దాటిన బండి తిరగకూడదని కొందరంటున్నారు. కాగితాల పని ఏ వరుసలో చేసుకోవాలి?
(ఒక పాఠకురాలు, అక్కయ్యపాలెం)

జవాబు: అమ్మా, మీరు విన్న నిషేధం ఢిల్లీ రాజధాని ప్రాంతానికి సంబంధించినది. మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకు ఉంటుంది; ఆ తరువాత బండి తనిఖీలో నెగ్గితే అయిదేసి ఏళ్లకు పొడిగిస్తారు.

మీ విషయంలో ముందు బండి మీ పేరుకు మారాలి. యజమాని మరణిస్తే ఆ సంగతిని వారసులు 30 రోజుల లోపు రవాణా శాఖకు తెలియజేసి, మూడు నెలల లోపు ఫారం 31లో దరఖాస్తు చేసుకోవాలని కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. ఆ గడువు దాటింది కాబట్టి ఆలస్యానికి అదనంగా కొంత కట్టవలసి వస్తుంది, అంతకు మించి భయపడవలసినది లేదు. మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం, తక్కిన వారసుల అంగీకారం, సి బుక్కు సిద్ధం చేసుకోండి. తరువాత రిజిస్ట్రేషన్ పొడిగింపుకు ఫారం 25 పెట్టాలి. 15 ఏళ్లు దాటిన కారుకు ఈ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలుగా ఉండగా, 20 ఏళ్లు పైబడిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచారు. గడువు దాటిన ప్రతి నెలకూ 500 రూపాయల చొప్పున అదనపు రుసుము ఉంటుంది. దీనికి తోడు రాష్ట్రం విధించే గ్రీన్ ట్యాక్స్ ఉంది. ఈ మొత్తాన్ని ముందే లెక్కవేసుకోండి. షెడ్డు ఖర్చు కంటే కాగితాల ఖర్చే చాలామందిని ఉలిక్కిపడేలా చేస్తుంది.

థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. మొదటిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. పొల్యూషన్ పరీక్షలో బీఎస్ 2, బీఎస్ 3 (భారత్ స్టేజ్ అనే పొగ ప్రమాణాల) పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం (పది లక్షల్లో 750 వంతులు) దాటకూడదు. అంతకు ముందరి ప్రమాణాల కార్లకు ఆ హద్దులు 3 శాతం, 1,500 పీపీఎం. పరీక్షకు ముందు ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు మార్పించి, ఇంజినును బాగా వేడెక్కనివ్వమని అబ్బాయికి చెప్పండి. గడువు తీరిన రిజిస్ట్రేషన్‌తో తనిఖీకి తానే నడుపుకుంటూ వెళ్లడం కంటే, బండిని ఎక్కించుకుపోయే బ్రేక్‌డౌన్ వాహనాన్ని మాట్లాడుకోవడం శ్రేయస్కరం.

ప్రశ్న: పాత కారు టైర్లు ఎక్కువ తిరగలేదు. గాట్లు లోతుగానే ఉన్నాయి. అవే వాడవచ్చా?
(ఒక పాఠకుడు, భీమిలి)

జవాబు: టైరు పక్కగోడ మీద DOT అన్న ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరుస చివర కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2214 అని ఉంటే అది 2014వ సంవత్సరం 22వ వారంలో తయారైనదని అర్థం. గాటు లోతు చట్టం కోరే 1.6 మిల్లీమీటర్లకు మించి ఉన్నా, పదేళ్లు దాటిన టైరును నేనైతే వాడను. పక్కగోడలో సన్నని పగుళ్లు ఉన్నా, ఒకే చోట నిలిచి అడుగు చదునుగా అయిపోయినా, వయసు చూడకుండానే మార్చేయండి. స్టెప్నీ తేదీ కూడా చూడండి, దాన్ని అందరూ మరిచిపోతారు.

ప్రశ్న: మా బండి పనులన్నీ అయిపోయాయి, కాగితాలూ వచ్చాయి. మొదటి ప్రయాణంగా సింహాచలం కొండ మీదికి వెళ్లి పూజ చేయించుకోవాలని ఇంట్లో అనుకుంటున్నారు. వెళ్లవచ్చా?
(ఒక పాఠకుడు, మర్రిపాలెం)

జవాబు: పూజ చేయించుకోండి గాని, మొదటి ప్రయాణమే ఘాట్ రోడ్డు మీద వద్దు, ఇంజిను వేడికీ బ్రేకులకూ ఒకేసారి పరీక్ష పెట్టే దారి అది. ముందుగా తెల్లవారుజామున, రద్దీ లేనప్పుడు, ఒక్కరే ఇంటి చుట్టుపక్కల వీధుల్లో నెమ్మదిగా తిప్పుతూ, బ్రేకు వేసినప్పుడు బండి ఏ వైపుకైనా లాగుతోందేమో గమనించండి. తరువాత ఒకచోట నిలిపి ఇంజినును నడవనిచ్చి, రేడియేటర్ ఫ్యాను దానంతట అది తిరిగి ఆగుతోందో లేదో చూడండి. ఫ్యాను తిరగకుండానే టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే థర్మోస్టాట్, ఫ్యాను స్విచ్చి, రేడియేటర్ ఈ మూడింటినీ చూపించాలి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత విప్పకండి. ఇంటికి వచ్చాక చక్రాలపై అరచేతిని దగ్గరగా పెట్టి చూస్తే, తక్కిన వాటికంటే బాగా వేడెక్కిన చక్రంలో బ్రేకు పూర్తిగా వదలడం లేదని తెలుస్తుంది. ఇలా ఊళ్లోనే 50 కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు మళ్లీ బిగించి, బ్రేక్ ఆయిల్, కూలెంటు మట్టాలు తగ్గలేదని చూసుకున్న తరువాత అందరూ కలిసి కొండకు వెళ్లిరండి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి, న్యూట్రల్‌లో వదలకండి.